డిస్కులు చూసి ప్లేయర్ కొనండి

ప్లేయర్ కోసం బజారుకు వెళ్లేముందు అటక మీదున్న అట్టపెట్టెను కిందకి దించండి. అందులో ఏ రకం డిస్కులు ఎన్నున్నాయో లెక్క తేలితే ఏ ప్లేయర్ కావాలో సగం తేలిపోయినట్టే. చాలామంది ఈ పని తిరగేసి చేస్తారు. హెచ్‌డీ సినిమాల డిస్కు బ్లూరే అన్నిటికన్నా పెద్దది కదా, చిన్నవన్నీ అందులో ఆడతాయిలే అనుకుని బ్లూరే ప్లేయర్ కొంటారు. ఇంటికొచ్చాక చూస్తే కొన్ని వీసీడీని తీసుకోవని తెలుస్తుంది. మన ఇళ్లలో వీసీడీలు తక్కువేం లేవు. మోజర్ బేర్ వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు బజార్లో పెట్టాక, అద్దెకు తెచ్చుకోవడం కన్నా కొనుక్కోవడమే నయమనిపించింది జనానికి. ఆ కంపెనీ మూతపడింది, డిస్కులు మాత్రం ఇంకా పెట్టెల్లోనే ఉన్నాయి.

పెట్టెలో ఏముంది

వీసీడీ అయితే ఒక్క సినిమాకి రెండో మూడో డిస్కులుంటాయి. ఒక్కోదాంట్లో 74 నుంచి 80 నిమిషాలకు మించి పట్టదు. బొమ్మ 352 × 288 చుక్కలు. డీవీడీలో 720 × 576, అంటే చుక్కల లెక్కన నాలుగు రెట్లు. కవర్లు పోయి డిస్కులే మిగిలితే అంచును వెలుతురుకు పట్టి చూడండి. డీవీడీ అంటే 0.6 మిల్లీమీటర్ల పలకలు రెండు కలిపి అతికించినది కాబట్టి అంచు మధ్యలో సన్నటి అతుకు గీత కనబడుతుంది. వీసీడీ ఒకటే పలక, దానికి ఆ గీత ఉండదు. కిందివైపు వంకాయరంగు ఛాయ ఉంటే అది ఎవరో రైట్ చేసిచ్చిన డీవీడీ. పెళ్లి, ఓణీల ఫంక్షన్, గృహప్రవేశం డిస్కులు ఇలాంటివే. ఆకుపచ్చ ఛాయ ఉంటే రైట్ చేసిన సీడీ.

పెట్టెలో వీసీడీలు, డీవీడీలే ఉంటే మామూలు డీవీడీ ప్లేయర్ చాలు. బ్లూరేలు ఒకటీ అరా ఉన్నంత మాత్రాన బ్లూరే ప్లేయర్‌కి డబ్బు పోయడం దండగ. పది దాటి ఉంటే, ఇంకా కొనే ఉద్దేశం ఉంటే అప్పుడు ఆలోచించొచ్చు. తెలుగు సినిమాలు బ్లూరేలో వచ్చినవే తక్కువ. ఆ దారిలో వెళ్లేవాళ్లు ఎక్కువగా ఇంగ్లీషు, హిందీ సినిమాల కోసమే వెళ్తారు.

టీవీ వెనక్కి ఒకసారి చూడండి

పాత డబ్బా టీవీ అయితే పసుపు, తెలుపు, ఎరుపు పిన్నులు దిగే ఏవీ రంధ్రాలుంటాయి. దానికి ఏ డీవీడీ ప్లేయరైనా సరిపోతుంది. కొత్త బ్లూరే ప్లేయర్ మాత్రం కుదరదు. బ్లూరే కాపీ రక్షణ నిబంధనల ప్రకారం 2013 తర్వాత తయారైన ప్లేయర్లు పాత రకం వైర్ల గుండా బ్లూరే బొమ్మను బయటికి పంపకూడదు. అందుకే వాటికి హెచ్‌డీఎంఐ (బొమ్మ, శబ్దం ఒకే వైరులో పంపే రంధ్రం) తప్ప వేరే వీడియో రంధ్రమే ఉండదు. సెకండ్ హ్యాండ్‌లో తరచూ కనబడే సోనీ బీడీపీ-ఎస్1700 కూడా ఆ కోవదే.

ఎల్ఈడీ టీవీల్లో హెచ్‌డీఎంఐ ఎలాగూ ఉంటుంది. ఏవీ మాత్రం కొన్నిటిలో 3.5 మిల్లీమీటర్ల సన్న రంధ్రంగా మారిపోయింది, దానికి వేరే వైరు కొనాలి. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. ఆ సన్న పిన్ను మీదుండే నాలుగు కట్ల వరస అన్ని కంపెనీలకూ ఒకటి కాదు. పసుపు పిన్ను సరిగ్గానే పెట్టినా బొమ్మ రాక, స్పీకర్లలో బర్రుమని మోగుతుంటే వైరు పాడైందని పారేయకండి. పసుపు, ఎరుపు, తెలుపు పిన్నులను ఒకదాని చోట ఒకటి మార్చి చూడండి. ఏదో ఒక వరసలో బొమ్మ వచ్చేస్తుంది. ఆ తర్వాత పిన్నుల మీద స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టుకోండి.

హెచ్‌డీఎంఐ ఉన్న డీవీడీ ప్లేయర్‌కి నాలుగైదు వందలు ఎక్కువైనా పెట్టొచ్చు. అయితే అట్ట మీద '1080 అప్‌స్కేలింగ్' అని రాసి ఉందని కాదు. డీవీడీలో ఉన్నవి 4,14,720 చుక్కలు, ఫుల్ హెచ్‌డీ టీవీకి కావలసినవి 20,73,600. మిగతావి ఎవరో ఒకరు ఊహించి నింపాల్సిందే. ఆ పని ప్లేయర్ చేయకపోతే టీవీ చేస్తుంది, చాలాసార్లు టీవీయే బాగా చేస్తుంది. హెచ్‌డీఎంఐ లాభం వేరే చోట ఉంది. పసుపు వైరులో రంగు, వెలుతురు రెండూ ఒకే తీగలో కలిసి వస్తాయి. టీవీ వాటిని మళ్లీ విడదీసేటప్పుడు కొంత చెదిరిపోతుంది. పాటల్లో హీరోయిన్ ఎర్రచీర అంచు చుట్టూ రంగు తడిసి పాకినట్టు కనబడేది అందుకే. పేర్లు పడేటప్పుడు తెల్ల అక్షరాల అంచుల్లో చిన్న చిన్న రంగు చుక్కలు కదులుతుంటాయి చూడండి, అవీ ఈ బాపతే. హెచ్‌డీఎంఐలో అవి పోతాయి.

హెచ్‌డీఎంఐ లేని మంచి ప్లేయర్ చేతిలో ఉంటే దాన్నీ తీసేయనక్కర్లేదు. అలాంటి కొన్నిటికి ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంధ్రాలుంటాయి, కాంపోనెంట్ అంటారు. టీవీకి కూడా అవి ఉంటే బొమ్మ పసుపు వైరు కన్నా చాలా శుభ్రంగా వస్తుంది. ఆ మూడూ బొమ్మకే. శబ్దానికి ఎరుపు, తెలుపు వేరేగా పెట్టాలి. రెండు ఎర్ర పిన్నులు ఉంటాయి కాబట్టి తారుమారు చేయడం మామూలే.

యూఎస్‌బీ ఉందని మురిసిపోకండి

డీవీడీ ప్లేయర్ ముందున్న యూఎస్‌బీ రంధ్రం చూసి ఫోన్లో ఉన్న సినిమాలన్నీ ఆడతాయనుకుంటారు. ఆడవు. మామూలు డీవీడీ ప్లేయర్‌లో ఉండే చిప్ పాత ఏవీఐ ఫైళ్లకు, అంటే డివెక్స్, ఎక్స్‌విడ్ రకాలకు చేసింది. అదీ 720 × 576 లోపు ఉంటేనే. ఇప్పటి ఎంకేవీ, ఎంపీ4 హెచ్‌డీ ఫైలు పెడితే పేరు కనబడి ఆడకపోవచ్చు, లేదంటే బొమ్మ లేకుండా శబ్దం మాత్రం రావచ్చు. పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32లో ఫార్మాట్ చేయాలి, ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఉంటే చాలా ప్లేయర్లు దాన్ని చూడనే చూడవు. ఫ్యాట్32లో 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు. పెన్‌డ్రైవ్ సినిమాలే ముఖ్యమనుకుంటే టీవీ యూఎస్‌బీలో పెట్టి చూడండి, అది చాలావరకు ఆడేస్తుంది. ప్లేయర్‌ను డిస్కుల కోసమే కొనండి.

బ్లూరే కొనేవాళ్లకి

కొనేముందు ఆడే డిస్కుల జాబితాలో వీసీడీ పేరు ఉందో లేదో మాన్యువల్లో చూడండి. అట్ట మీద రాసింది నమ్మొద్దు. రీజియన్ అంటే డిస్కు ఏ దేశాల ప్లేయర్లలో ఆడాలో చెప్పే గుర్తు: డీవీడీలకు ఇండియా 5, అమెరికా 1, యూరప్, జపాన్, గల్ఫ్ 2. బ్లూరేలకు ఇండియా సి, అమెరికా ఎ, యూరప్, గల్ఫ్ బి. 4కే డిస్కులకు (ఇంకా ఎక్కువ చుక్కల బ్లూరేలకు) రీజియన్ గొడవ లేదు. డిస్కు అట్ట వెనక భూగోళం బొమ్మలో ఈ అంకెగానీ అక్షరంగానీ ఉంటుంది. 'ఆల్' అని ఉంటే ఎక్కడైనా ఆడుతుంది.

ఎవరో కాపీ చేసిచ్చిన డిస్కు పెడితే ఇరవై నిమిషాలు బాగా ఆడి, ఆ తర్వాత శబ్దం మాయమై తెర మీద సినావియా అని సందేశం వచ్చిందంటే ప్లేయర్ పాడైనట్టు కాదు. సినిమా శబ్దంలోనే దాచిన గుర్తును పట్టుకుని నోరు మూసే ఏర్పాటు అది. 2012 నుంచి వచ్చిన బ్లూరే ప్లేయర్లలో తప్పనిసరి. మామూలు డీవీడీ ప్లేయర్లలో ఇది ఉండదు.

ఈ రంగం నుంచి కంపెనీలు ఒక్కొక్కటిగా తప్పుకుంటున్నాయి. ఒప్పో 2018లో ప్లేయర్ల తయారీ ఆపేసింది. శాంసంగ్ 2019లో అమెరికాలో కొత్త బ్లూరే మోడళ్లకు స్వస్తి చెప్పింది. దీనివల్ల కొనేవాళ్లకు ఇబ్బంది విడిభాగాల దగ్గర వస్తుంది. బ్లూరే ప్లేయర్ లెన్స్ చాలావరకు మోడల్‌ను బట్టి మారుతుంది, అది పోతే పెట్టె మొత్తం పోయినట్టే. డీవీడీ ప్లేయర్లు చాలావాటిలో రెండు మూడు రకాల లెన్సులే తిరుగుతుంటాయి, శాన్యో హెచ్‌డీ65, హిటాచీ హాప్ 1200 లాంటివి. అలాంటి లెన్స్ ఉన్న ప్లేయరైతే హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలాంటి చోట వెతుక్కోవచ్చు.

ఇంట్లో పీఎస్4 (వీడియో గేములాడే ప్లేస్టేషన్) ఉంటే బ్లూరే ప్లేయర్ కొనక్కర్లేదు. డీవీడీ, బ్లూరే రెండూ ఆడతాయి. కాకపోతే మొదటిసారి ఒకసారి ఇంటర్నెట్ ఇవ్వాలి. సీడీ పాటలు, వీసీడీలు మాత్రం అందులో ఆడవు. డిస్కు పెట్టే పీఎస్5 అయితే 4కే డిస్కులు కూడా తీసుకుంటుంది. ల్యాప్‌టాప్‌కి తగిలించే బయటి డీవీడీ డ్రైవ్ చవగ్గా వస్తుంది కదా, దాన్ని టీవీ యూఎస్‌బీలో పెడదామనుకోవద్దు, టీవీ దాన్ని గుర్తుపట్టదు. ల్యాప్‌టాప్‌లో వీఎల్‌సీ అనే సాఫ్ట్‌వేర్ వేసుకుని, హెచ్‌డీఎంఐ వైరుతో టీవీకి ఇచ్చుకోవాలి.

పాతది కొంటుంటే పది నిమిషాల పరీక్ష

తక్కువ డబ్బులో అసలైన బేరం పాత ప్లేయర్లలోనే ఉంది. ఎర్రగడ్డ ఆదివారం సంతలో కొన్నా, తెలిసినవాళ్ల దగ్గర కొన్నా, ఆడించి చూడకుండా డబ్బు ఇవ్వొద్దు. ఇంటి నుంచి నాలుగు డిస్కులు పట్టుకెళ్లండి: కంపెనీ డబుల్ లేయర్ (రెండు పొరల, 8.5 జీబీ) డీవీడీ ఒకటి, వీసీడీ ఒకటి, రైట్ చేసిన పెళ్లి డీవీడీ ఒకటి (అసలు కాదు, నకలు), కొద్దిగా గీతలు పడ్డది ఒకటి.

ముందు కరెంటు పెట్టకుండానే వెనక స్టిక్కర్ మీద వోల్టులెన్నో చదవండి. కింది మరల తలలు అరిగిపోయి ఉంటే ఎవరో విప్పారన్నమాట. విప్పడం తప్పేం కాదు, ఏం మార్చారో అడగండి. తర్వాత ఆన్ చేసి ట్రే అయిదారుసార్లు తెరిచి మూయండి. గుర్రుమని శబ్దం చేస్తూ సగంలో ఆగిపోతుంటే లోపల చిన్న రబ్బరు బెల్టు సాగిపోయింది. ఇది భయపడాల్సింది కాదు, బెల్టు మారిస్తే సరి. ఆ సాకుతో ధర తగ్గించమనండి.

ఇప్పుడు డీవీడీ పెట్టండి. పది పదిహేను సెకన్లలో మెనూ రావాలి. డిస్కు తిరిగి ఆగి, మళ్లీ తిరిగి ఆగి, నాలుగోసారికి ఆడితే లెన్స్ అలిసిపోయింది. వీసీడీ బాగా ఆడుతూ డీవీడీకి 'నో డిస్క్' అంటే కూడా అదే కథ. సీడీ చదివే లేజర్ వేరు, 780 నానోమీటర్లది. డీవీడీది 650. ఒకటి పోయి ఇంకొకటి బతికి ఉండొచ్చు. వీసీడీ ఒక్కటే వేసి చూపించి 'ఆడుతోంది చూడండి' అనే అమ్మకందారుతో జాగ్రత్త.

మొదటి అయిదు నిమిషాలు ఆడిందని సంతోషపడకండి. డిస్కును లోపలి నుంచి బయటి అంచుకి చదువుతుంది ప్లేయర్. చెడ్డ లెన్స్, ఊగే మోటారు బండారం బయటపడేది బయటి అంచు దగ్గరే. సింగిల్ లేయర్ డిస్కు నిండా సినిమా ఉంటే చివరి సీను అంచు దగ్గర ఉంటుంది, అక్కడికి దూకండి. డబుల్ లేయర్‌లో లెక్క మారుతుంది. మొదటి పొరను లోపలి నుంచి బయటికి, రెండో పొరను బయటి నుంచి లోపలికి చదువుతుంది. కాబట్టి సినిమా నడుమ, ఇంటర్వెల్ ప్రాంతం, అంచు దగ్గరుంటుంది. అక్కడ పొర మారేటప్పుడు రెప్పపాటు బొమ్మ ఆగడం మామూలే. గళ్లు గళ్లుగా విడిపోవడం, అక్కడే ఆగిపోవడం మామూలు కాదు. 8.5 జీబీ డిస్కు ఒకటి తీసుకెళ్లమన్నది ఇందుకే.

రిమోట్ లేకపోతే ధర సగానికి అడగండి. పెట్టె మీద ప్లే, స్టాప్ బటన్లే ఉంటాయి. డీవీడీ మెనూలో పాటలకో సబ్‌టైటిల్స్‌కో వెళ్లాలంటే బాణం బటన్లు కావాలి, అవి రిమోట్‌లోనే ఉంటాయి. సెట్టింగులూ అంతే.

వీలుంటే అరగంట ఆడనివ్వండి. చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడెక్కాక ఆగేవి చాలానే ఉంటాయి.

'లెన్స్ సెట్ చేశాం, కొత్తదానిలా ఆడుతుంది' అని ఎవరైనా అంటే వెనక్కి తగ్గండి. లెన్స్ పక్కన ప్రీసెట్ అనే ఆవగింజంత తిప్పుడు మర ఉంటుంది. దాన్ని తిప్పితే లేజర్‌కి కరెంటు పెరిగి, చావబోయే లెన్స్ కూడా కొన్నాళ్లు ఉత్సాహంగా ఆడుతుంది. ఆ తర్వాత ఒక్కసారిగా పోతుంది. నిజంగా దుమ్మే కారణమైతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన ఇయర్ బడ్‌తో లెన్స్ మీద బరువు పెట్టకుండా ఒకసారి తుడిస్తే చాలు. కరెంటు తీసేశాకే చేయాలి, ఆన్‌లో ఉండగా లెన్స్‌లోకి తొంగి చూడకూడదు.

అసలు ఆన్ కాకుండా లైటు వెలిగి ఆరుతూ ఉంటే పవర్ బోర్డులో కెపాసిటర్ ఉబ్బి ఉంటుంది, సాధారణంగా 1000 ఎంఎఫ్‌డీ 10 వోల్టులది. నెత్తి చదునుగా ఉండాల్సింది బుడిపెలా లేస్తుంది. దాన్ని 16 వోల్టులదానితో మార్చడం పదినిమిషాల పని, కానీ మెకానిక్ చేతనే చేయించండి. అదే బోర్డులో ఇంకో పెద్ద కెపాసిటర్ 325 వోల్టుల దాకా పట్టి ఉంచుకుంటుంది, ప్లగ్ తీసిన కాసేపటి వరకు కూడా.

అమెరికా నుంచి వచ్చిన ప్లేయర్

పిల్లలు అమెరికా నుంచి తెచ్చిన ప్లేయర్ సూట్‌కేసులోంచి తీసి నేరుగా ప్లగ్‌లో పెట్టేస్తుంటారు. వెనక '100-240 వోల్టులు' అని ఉంటే ఫర్వాలేదు, పిన్ను మార్చే అడాప్టర్ చాలు. '120 వోల్టులు, 60 హెర్ట్జ్' అని మాత్రమే ఉంటే మన 230 వోల్టులకు ఆ క్షణమే కాలిపోతుంది. దానికి స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. ఆ ట్రాన్స్‌ఫార్మర్ డబ్బుకి ఇక్కడ పాత డీవీడీ ప్లేయరే రావచ్చు. దానిపైన అది రీజియన్ 1, ఇక్కడి 5 డిస్కు పెడితే మొహం చాటేస్తుంది.

ఇక్కడి నుంచి అక్కడికి డిస్కులు తీసుకెళ్లేవాళ్లకు రీజియన్ ఒక్కటే కాదు, ప్యాల్ గొడవ కూడా ఉంది. మన టీవీ పద్ధతి ప్యాల్, వాళ్లది ఎన్‌టీఎస్‌సీ. డిస్కు అట్ట మీద ప్యాల్ అని ఉంటే, ప్యాల్‌ను మార్చి ఇచ్చే మల్టీ సిస్టం ప్లేయర్ అక్కడ కొనుక్కోవాలి. సెకనుకు 24 ఫ్రేముల సినిమాను ప్యాల్ డీవీడీలో చాలాసార్లు 25 లెక్కన ఆడిస్తారు, కాబట్టి రెండున్నర గంటల సినిమా 144 నిమిషాల్లోనే అయిపోతుంది. సీన్లు కోసేశారని అనుమానపడక్కర్లేదు. గొంతులు పిసరంత సన్నగా వినబడేదీ అందుకే.

ఇంటికి తెచ్చాక

మనుషులు లావుగానో బక్కగానో కనబడితే సెటప్‌లో టీవీ ఆకారం 4:3 నుంచి 16:9కి మార్చండి. మార్చినా నాలుగు పక్కలా నలుపు వచ్చి బొమ్మ నడుమ చిన్న కిటికీలా ఉంటే తప్పు ప్లేయర్‌ది కాదు. పాత తెలుగు డీవీడీలు చాలావాటిలో స్కోప్ (బాగా వెడల్పాటి) బొమ్మను డబ్బా టీవీ కొలతల్లోనే నల్ల పట్టీలతో కలిపి ముద్రించేశారు. టీవీ రిమోట్‌లో జూమ్ నొక్కితే తెర నిండుతుంది, కాస్త మసక తప్పదు.

బొమ్మ ఉండి శబ్దం లేకపోతే ఆడియో బటన్ నొక్కి ట్రాక్ మార్చండి. డిస్కులో డీటీఎస్ (ఒక రకం సరౌండ్ శబ్దం) ట్రాక్ మొదట ఎంచుకుని ఉండొచ్చు, చవక ప్లేయర్లు కొన్ని దాన్ని విప్పలేవు. సెటప్‌లో డిజిటల్ ఔట్‌పుట్ 'రా' అనో 'బిట్‌స్ట్రీమ్' అనో ఉంటే 'పీసీఎం' చేయండి. మాటలు వినబడక సౌండ్ పెంచితే, ఫైట్ రాగానే పక్కింటివాళ్లు లేస్తున్నారా? 5.1 (ఆరు స్పీకర్ల) శబ్దాన్ని టీవీ రెండు స్పీకర్లలోకి కుదించడం వల్ల వచ్చే తిప్పలది. పెద్ద, చిన్న శబ్దాల తేడా తగ్గించే సెట్టింగు డీఆర్‌సీ అనో నైట్ మోడ్ అనో ఉంటుంది, దాన్ని ఫుల్‌లో పెట్టండి.

ఏదో నొక్కితే బొమ్మ పూర్తిగా పోయి తెర చారలు చారలుగా ఉంటే, డబ్బా టీవీ అందుకోలేని ప్రోగ్రెసివ్ స్కాన్ అనే బొమ్మ పద్ధతి ఆన్ అయ్యుంటుంది. మెనూ కనబడదు కాబట్టి సెట్టింగులోకి వెళ్లలేరు. డిస్కు తీసేసి రిమోట్‌లో పీ-స్కాన్ లేదా వీ-మోడ్ బటన్‌ను మూడేసి సెకన్లు ఆగుతూ నొక్కుతూ పోండి, బొమ్మ తిరిగొచ్చిన చోట ఆపండి.

మిగిలింది పెళ్లి డీవీడీ. సినిమా డిస్కులు అచ్చు వేసినవి, గుంతలు ప్లాస్టిక్‌లోనే ఉంటాయి. రైట్ చేసిన డిస్కులో ఉన్నది రంగు పూత, ఎండకీ వేడికీ అది వెలుస్తుంది. పైన అంటించిన ఫొటో స్టిక్కర్ బరువుకి డిస్కు ఒకపక్కకి ఊగి చదవడం ఇంకా కష్టమవుతుంది. స్టిక్కర్ పీకబోతే డిస్కే దెబ్బతినే ప్రమాదముంది, అలాగే వదిలేయండి. ఒక్క ప్లేయర్‌లో ఆడి వేరేదానిలో ఆడకపోతే స్టూడియోవాళ్లు రైట్ చేశాక ఫైనలైజ్ (వేరే ప్లేయర్లలోనూ ఆడేలా డిస్కును ముగించడం) చేయలేదేమో, రైట్ చేసిన యంత్రంలోనే పెట్టి చేయించొచ్చు. కొత్త ప్లేయర్‌లో మొదటిసారి పెళ్లి డిస్కు ఆడిన రోజే, అది ఇంకా చదవగలుగుతున్నప్పుడే, ల్యాప్‌టాప్ డ్రైవ్‌లో పెట్టి, బొమ్మంతా ఉండే వీడియో_టీఎస్ ఫోల్డర్ మొత్తాన్ని రెండుచోట్ల కాపీ చేసుకోండి. కాపీకి ముందు మెత్తటి నూలుగుడ్డతో నడుమ నుంచి అంచుకి తిన్నగా తుడవండి. గుండ్రంగా తుడిచి గీత పడితే అది డేటా వరస వెంబడే పడుతుంది, అలాంటి గీతను ప్లేయర్ దాటలేదు.